కుద్రతీ చీజ్ అట, మామూ!



బక్రీద్ మూడో రోజు మా ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మగవాళ్లంతా చాయ్ కోసం వరండాలో కూచున్నాం. బెంగుళూరులో నౌకరీ చేస్తున్న మా మేనల్లుడు నన్ను డాబా మీదికి పిలిచి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఎక్కడో పచ్చటి పొలం. గడ్డం పెంచిన తెల్లాయన ఒకడు పిడికిట్లో మట్టి పట్టుకుని వాసన చూస్తున్నాడు. పురుగుమందు కొట్టరట, యూరియా వెయ్యరట, కంపోస్టుతోనే పండిస్తారట, నీళ్లు బొట్టుబొట్టుగా పెడతారట, కోత నాడు అందరూ కలిసి దావత్ చేసుకుంటారట. పండిస్తున్నది గంజాయి.

"చూడు మామూ, ఎంత సాఫ్‌గా ఉందో! దీన్ని పట్టుకుని ఇక్కడ జైల్లో వేస్తున్నారు. అల్లా పుట్టించిన కుద్రతీ చీజ్ మామూ ఇది. ఫ్యాక్టరీలో చేసింది కాదు."

నువ్వు తాగుతున్నావా అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. కింద నుంచి మా ఆపా చాయ్ తయార్ అని కేకేసింది, దిగి వచ్చేశాం. ఆ రాత్రి నుంచీ వాడికి చెప్పని జవాబు గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. వాడు చదువుతాడు. వాడి ఈడు పిల్లలున్న ఇళ్లలో మీరూ చదవండి.

ముందు కుద్రతీ సంగతి. ద్రాక్ష కుద్రతీ కాదా బేటా? ఖజూర్ కుద్రతీ కాదా? షరాబ్ హరామ్ అని ఆయత్ దిగిన రోజు మదీనా వీధుల్లో పారబోసిందంతా చెట్టు కాయల నుంచి తీసిందే. ఇది అల్లా పుట్టించిన పండు కదా అని అప్పుడెవరూ బహస్ పెట్టుకోలేదు. మన దీన్ చెట్టును చూసి హరామ్ అనదు, అది మనిషి అఖల్‌ని ఏం చేస్తుందో చూసి అంటుంది. నషా ఎక్కించేదంతా ఖమ్ర్ కిందికే వస్తుందనీ, ఎక్కువ తింటే నషా ఎక్కే వస్తువులో కొంచెం కూడా హరామేననీ హదీసుల్లో ఉన్న సంగతి మక్తబ్‌కి రెండేళ్లు వెళ్లిన పిల్లాడికీ తెలుసు. షరీఅత్ కాపాడమన్న అయిదింటిలో, అంటే దీన్, జాన్, అఖల్, నస్ల్, మాల్‌లో, అఖల్ సరిగ్గా మధ్యలో కూచుంది. ఉమ్మెత్త కూడా కుద్రతీయే. గన్నేరు పప్పు కూడా కుద్రతీయే. ఎవరూ బిర్యానీలో వేసుకోరు.

ఇంకో మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. ఇది మన తెహజీబ్‌లోనే ఉంది, దర్గాల దగ్గర మలంగులు చిలుం పట్టడం లేదా, అని. పడతారు. ఉర్సుల్లో నేనూ చూశాను. ఖురాసాన్‌లో షేఖ్ హైదర్ అనే దర్వేష్ ఈ ఆకు గుణం కనిపెట్టి మురీదులకు చెప్పాడన్న కథని కైరో చరిత్రకారుడు మఖ్రీజీ దాదాపు ఆరు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. కానీ అప్పటికే ఉలమా దీనిమీద కలం పట్టారు. ఇమామ్ జర్కషీ హషీష్ హరామ్ అని చెప్పడానికే ఒక రిసాలా మొత్తం రాశారు. ఇబ్నె తైమియా దాన్ని షరాబ్ పక్కన నిలబెట్టారు. దవాగా వాడొచ్చా అని బహస్ నడిచింది, తాగినవాడికి ఏ సజా అని నడిచింది. మన తెహజీబ్‌లో చిలుమూ ఉంది, చిలుం పట్టిన చెయ్యి పట్టుకున్న ఆలిమూ ఉన్నాడు. ఒకటి చూపించి రెండోది దాచెయ్యడం ఇన్సాఫ్ కాదు.

ఇక ఖేతీ సంగతికి వస్తా. ఇక్కడే నాకు నీ మీద నిజంగా కోపం వచ్చింది.

నువ్వు చూపించిన పొలం అమెరికాలో ఉంది. హైదరాబాద్‌లో, విజయవాడలో, బెంగుళూరులో చేతులు మారే పొట్లం ఆ పొలం నుంచి రాదు. మన వైపు దొరికేదాంట్లో పెద్ద భాగం ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తుంది. పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి. అవతల మల్కనగిరి, కోరాపుట్. శీలావతి అని ఒక రకానికి ఎంతో షరీఫ్ పేరు కూడా పెట్టారు. పండించేది గిరిజనుడు. అడ్వాన్సు ఇచ్చేవాడు, కోత అయ్యాక వచ్చి మూట కట్టించుకునేవాడు మైదానం నుంచో, పక్క రాష్ట్రాల నుంచో వచ్చినవాడు. కొండ మీద కిలోకి గిరిజనుడి చేతిలో పడే రకమ్ ఎంత, పట్నంలో పది గ్రాముల పొట్లానికి నీ దోస్తులు ఇచ్చే రకమ్ ఎంత, లెక్క వేసి చూడు. మధ్యలో ఉన్నదంతా ఎవరి జేబులోకి పోతోంది? పోలీసులు వచ్చినప్పుడు ఆ జేబు ఎక్కడుంటుంది, గిరిజనుడు ఎక్కడుంటాడు? దీన్నా నువ్వు బిరాదరీ అన్నది?

2021 అక్టోబరు చివర్లో ఆపరేషన్ పరివర్తన అని మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆ కొండల్లో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. ఆ మంట టీవీలో చూసి మనమంతా షాబాష్ అన్నాం. మంట ఆరాక ఆ కొండ కిసాన్ ఏం పండించుకుని బతకాలి అని అడిగినవాళ్లు తక్కువ.

భూమిని పాడుచెయ్యని ఖేతీ చూడాలని నీకు నిజంగా షౌక్ ఉంటే అమెరికా దాకా అక్కర్లేదు, అదే కొండల్లో ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మానుకే పాకించిన మిరియాల తీగ, పక్కన పసుపు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ కాఫీ మొక్క నాటాక కాపు చేతికి రావాలంటే మూడు నాలుగేళ్లు సబర్ చెయ్యాలి. గంజాయి ఒక్క సీజన్‌లో నోటు చూపిస్తుంది. ఆ మూడేళ్లు పొయ్యి ఎలా వెలగాలన్నదే అక్కడ అసలు సవాల్. మట్టి వాసన చూసే తెల్లాయన దగ్గర దీనికి జవాబు లేదు, కంపోస్టు దగ్గరా లేదు. ఆ కాఫీ గింజకి మంచి ధర కోసం కొట్లాడే నౌజవాన్లు కావాలి, ఆ కొండ మీద గంజాయి మొలిస్తే తాగేవాళ్లు కాదు.

ఈమధ్య అమీర్ పిల్లల్లో ఇంకో ఫ్యాషన్ వచ్చింది. శీలావతి వద్దట, హైడ్రో కావాలట. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయి మీద నిషేధం ఎత్తేసింది, 2025లో మళ్లీ డాక్టర్ చీటీ ఉంటేనే అని బిగించింది. ఈ మధ్యకాలంలో బ్యాంకాక్ నుంచి దిగేవాళ్ల సూట్‌కేసుల్లో ఆ సరుకు పట్టుబడటం మామూలు ఖబర్ అయిపోయింది. మట్టే ముట్టకుండా, మూసిన గదిలో గంటల తరబడి లైట్లు వేసి, ఏసీలు నడిపి, మందుల నీళ్లలో పెంచేది అది. ఆ కరెంటు బిల్లు ముందు పెట్టుకుని కుద్రతీ అనే లఫ్జ్ ఒకసారి పలికి చూడు, నీకే నవ్వొస్తుంది.

ఇప్పుడు మా గల్లీ సంగతి చెప్తా. పేర్లు రాయను.

మా వెనక వీధిలో ఒక ఆపా ఉంది, మిషన్ కుడుతుంది. కొడుకు లారీ మీద క్లీనర్. మన్యం నుంచి దిగుతుంటే చెక్‌పోస్టులో ఆపారు, పసుపు బస్తాల కింద వేరే బస్తాలు దొరికాయి. డ్రైవర్ చీకట్లో దిగి పారిపోయాడు. ఓనర్ నాకేం తెలియదన్నాడు. దొరికింది పంతొమ్మిదేళ్ల పిల్లాడు. వాడికి తెలుసా, తెలియదా? ఆ తల్లి తెలియదనే అంటుంది. నేను ఖసమ్ తిని చెప్పలేను. కానీ ఒకటి చెప్పగలను, ఆ బస్తాల మీద వచ్చే లాభంలో వాడికి రావాల్సింది రోజు కూలీ మాత్రమే. ములాఖాత్‌కి ఆపా రాత్రి బస్సెక్కుతుంది, పొద్దున లైన్లో నిలబడుతుంది, కాసేపు మాట్లాడి మళ్లీ బస్సెక్కుతుంది. వకీల్ ఫీజుకి ముందు చెవుల కమ్మలు పోయాయి, తర్వాత మిషన్ కూడా కుదువకు వెళ్లింది. ఇప్పుడు ఇంకొకరి మిషన్ మీద కుడుతోంది.

మీ ఇంట్లో లారీ, ఆటో, క్యాబ్ నడిపే మనిషి ఉంటే ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి. ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. గంజాయికి కిలో దాకా చిన్న మోతాదు, ఏడాది దాకా ఖైదు లేదా పదివేల దాకా జుర్మానా, లేదా రెండూ. కిలో దాటితే ఇరవై కిలోల లోపు పదేళ్ల దాకా ఖైదు. అక్కడి నుంచి కమర్షియల్ అంటారు, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా ఖైదు, లక్షకు తగ్గని జుర్మానా. కమర్షియల్ కేసులో జమానత్ అంత ఆసానీగా రాదు. ఇతను నేరం చేసి ఉండడు, బయటికొచ్చి చెయ్యడు కూడా అని నమ్మడానికి ఆధారం ఉందని అదాలత్‌కి అనిపిస్తేనే. చార్జిషీట్‌కి మామూలుగా ఉండే గడువు కూడా ఇందులో నూట ఎనభై రోజులు. బండిలో సరుకు దొరికితే బండి కూడా జప్తు, నాకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. నీకు తెలుసనే చట్టం ముందుగా అనుకుంటుంది, తెలియదని నువ్వే నిరూపించుకోవాలి. ఎవరో భాయి బ్యాగ్ ఇచ్చి బస్టాండ్‌లో మా వాడికి ఇవ్వు, రెండు వేలు తీసుకో అంటే, ఆ రెండు వేలకి పదేళ్లు రాసి ఇచ్చినట్టే. ఒంటి మీద తలాషీ చెయ్యబోతే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చెయ్యమని అడిగే హక్ ఉంది. అడగండి. గొడవ పెట్టుకోకుండా, అదబ్‌తోనే అడగండి.

నేను ఈ చట్టానికి వకాల్తా పుచ్చుకోలేదు. నా మేనల్లుడి మాటలో సచ్ ఉన్నచోట ఒప్పుకుంటా. ఈ చట్టం పూల గుత్తినే గంజాయి అంటుంది, విడి ఆకుని అనదు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కార్ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తాయి. ఒకే మొక్క. ఆకు తాగినవాడికి పండగ, పువ్వు తాగినవాడికి బేడీలు. ఈ నషాని నిషేధించొద్దు, లైసెన్సు ఇచ్చి సుంకం వెయ్యండి అని 1894లోనే ఇంగ్లీషువాళ్ల కమిషన్ ఒకటి చెప్పింది. తాగేవాడిని జైలుకి కాకుండా ఆస్పత్రికి పంపాలి అంటే నేను మొదటి సంతకం పెడతా. నారకీ గింజకీ మత్తు లేని జనపనార రకం పండిస్తామంటే ఏ ఎత్‌రాజ్ లేదు, ఉత్తరాఖండ్ 2018 నుంచి దానికి లైసెన్సులు ఇస్తోంది, అక్కడివాళ్లు ఆ గింజలతో చట్నీ కూడా చేసుకుంటారు. పిల్లల మూర్ఛకి ఈ మొక్కలోంచే తీసిన దవా ఉంది, డాక్టర్ రాస్తే వాడతారు, అదీ సరే.

2021లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లని ఆపి ఫోన్‌లలో గాంజా అనే మాట వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. జైళ్ల లెక్కలు ఏ ఏడువి తీసినా జనాభాలో మన వాటా కంటే విచారణ ఖైదీల్లో మన వాటా ఎక్కువే. ఇదంతా నాకు తెలుసు బేటా. తెలుసు కాబట్టే చెప్తున్నా. చట్టం మారాలి అనడం ఒకటి. మారేలోపు నీ షౌక్ ఖర్చు మా వెనక వీధి ఆపా కమ్మలు అమ్మి కట్టాలి అనడం ఇంకొకటి. నీ దగ్గర పొట్లం దొరికితే నీ కంపెనీ హెచ్చార్‌కి తెలియకుండా చూసే వకీల్ నీకు దొరుకుతాడు. ఆ క్లీనర్‌కి దొరకలేదు.

ఇక పెద్దలూ, మీ దగ్గరికి వస్తున్నా. పిల్లల్ని తిట్టి ఊరుకుంటే నాదీ బేఇమానీయే.

2019లో ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసిన సర్వేలో ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి, భంగు, చరస్ వాడినవాళ్లు 3.1 కోట్లు అని తేలింది. అందులో అలవాటు ముదిరి మదద్ కావాల్సినవాళ్లు 72 లక్షలు. తాగిన ప్రతివాడూ పాడైపోతాడని నేను అనను, అబద్ధం చెప్పి భయపెడితే పిల్లలు నిజం కూడా నమ్మరు. కానీ పదహారు, పదిహేడేళ్లకే మొదలుపెట్టి రోజూ తాగే కుర్రాడికి దిమాగ్ తప్పే ఖతరా చాలా ఎక్కువ. ఎవరో వెంటాడుతున్నారంటాడు, గోడలో గొంతులు వినిపిస్తున్నాయంటాడు, రాత్రులు నిద్రపోడు. అప్పుడు మన ఇళ్లలో ఏం చేస్తాం? అసర్ అయ్యింది అంటాం, జిన్ పట్టింది అంటాం. ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లి తావీజ్ కట్టిస్తాం, దమ్ చేసిన నీళ్లు తాగిస్తాం. దుఆ చెయ్యండి, ఖుర్ఆన్ చదివి ఊదండి, నేనూ చేస్తా. దానితోపాటు సర్కారీ ఆస్పత్రిలో మానసిక వైద్యుడి ఓపీకి కూడా తీసుకెళ్లండి. ఆమిల్ దగ్గర పోయే ఆరు నెలలు ఆ పిల్లాడి జిందగీలో మళ్లీ రావు.

ఆమిల్ వల్ల కాకపోతే మన దగ్గర రెండో ఇలాజ్ సిద్ధంగా ఉంటుంది. షాదీ చేసేద్దాం, సుధర్ జాతా!

ఈ ఒక్క మాట మన కౌమ్‌లో ఎన్ని ఆడపిల్లల్ని ముంచిందో లెక్క తీసేవాళ్లు లేరు. రెండు ఊళ్ల అవతల గరీబ్ ఇల్లు చూస్తారు, ఎందుకంటే దగ్గరివాళ్లకి పిల్లాడి సంగతి తెలుసు. లడ్కా దుబాయ్ వెళ్లబోతున్నాడు అంటారు. నిఖా నాడు ఖాజీ సాబ్ ఖుబూల్ హై అని మూడుసార్లు చెప్పించుకుంటాడు. దేన్ని ఖుబూల్ చేసిందో ఆ పిల్లకి వలీమా అయిన వారానికి తెలుస్తుంది. మా బంధువుల్లోనే ఒకమ్మాయి ఇరవై మూడేళ్లకి ఒళ్లో బిడ్డతో ఖులా తీసుకుని తిరిగొచ్చింది. జహేజ్‌లో ఇచ్చిన బీరువా కూడా ఆ అబ్బాయి అమ్మేశాడు. సర్దుకుపోవాల్సింది అని అత్తింటివాళ్లు ఆ పిల్లనే అన్నారు. ఐబ్ దాచి సామాన్ అమ్మడం తిజారత్‌లో హరామ్ అని మనమే చెప్తాం. టమాటా బుట్టకి ఉన్న ఆ రూల్ మన ఇళ్లలో ఆడపిల్లకి లేదు. నషా అలవాటున్న పిల్లాడికి షాదీ చెయ్యడం ఇలాజ్ కాదు, ధోకా. ఆ సంగతి తెలిసి మధ్యవర్తిత్వం నడిపినవాళ్లు, తెలిసి గవాహీ సంతకం పెట్టినవాళ్లు, మీరు కూడా.

ఇజ్జత్ పోతుంది అంటారు. ఏ ఇజ్జత్? పక్కింటివాడికి తెలుసు, పాన్ డబ్బా వాడికి తెలుసు, కానిస్టేబుల్‌కి తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది తల్లీ తండ్రీ మాత్రమే. తాగుడు మానడానికి తనంతట తాను సర్కార్ ఆస్పత్రిలోనో, సర్కార్ గుర్తించిన సెంటర్‌లోనో చేరి ఇలాజ్ పూర్తి చేసుకునేవాడి మీద, వాడకం కేసైనా చిన్న మోతాదు కేసైనా నడపకుండా రక్షణ ఇచ్చే సెక్షన్ ఇదే చట్టంలో ఉంది, 64ఏ. మధ్యలో వదిలేసి వస్తే ఆ రక్షణ తీసెయ్యొచ్చు కూడా. జైలు సెక్షన్లు అందరికీ కంఠతా వచ్చు, ఇది ఎవరికీ తెలియదు. కేంద్ర సర్కార్ హెల్ప్‌లైన్ 14446. పేరు చెప్పకుండా కూడా మాట్లాడొచ్చు.

మొన్న జుమా అయ్యాక మా మస్జిద్ కమిటీ సదర్ సాబ్‌ని కలిశా. ఒక ఇతవార్ అస్ర్ తర్వాత నౌజవాన్లని, తల్లిదండ్రుల్ని కూచోబెట్టి ఒక డాక్టర్‌తో, ఒక వకీల్‌తో మాట్లాడిద్దాం, నేనే పిలుచుకొస్తా అన్నాను. "మస్జిద్‌లో గాంజా మాటేంటి భాయి? బయటివాళ్లు వింటే మన మొహల్లా అంతా ఇదే అనుకుంటారు. బద్‌నామ్ అయిపోతాం" అన్నారు. ఆయన వెనక గోడ మీద చందాదార్ల బోర్డు ఉంది, పైనుంచి రెండో పేరు జర్దా, సిగరెట్ల హోల్‌సేల్ ఏజెన్సీ వాళ్లది. నేను ఆ బోర్డు వైపు చూశాను. ఆయనా చూశారు. ఇద్దరం ఏమీ అనలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఇమామ్ సాబ్ పక్కకొచ్చి, "హాల్ సంగతి కమిటీది. మింబర్ మీద బయాన్ నాదే కదా" అని మెల్లగా అన్నారు. ఏ జుమాకి చెప్తారో చెప్పలేదు.

బేటా, వచ్చే నెల నువ్వు వస్తున్నావని మీ అమ్మీ చెప్పింది. ఈసారి డాబా మీదికి నేనే పిలుస్తా. ఆ రోజు అడగని మాట అడుగుతా. అవును అన్నా సరే, కాదు అన్నా సరే, అబద్ధం మాత్రం చెప్పకు. అవును అంటే ఇద్దరం కలిసి ఆస్పత్రికి వెళ్దాం, మీ అమ్మీకి ఎప్పుడు చెప్పాలో నువ్వే చెప్పు.